ఇల్లూ వాకిలీ: చూసివచ్చిన ఇల్లు, ఉంటున్న ఇల్లు

వేసవి సెలవులు ముగిసిన తరువాత ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగం ఒకే తీరున ఉంటాయి: ఎక్కడో ఒక అందమైన ఇల్లు చూసివచ్చాము, మా ఇంటిని కూడా అలా చేసుకోవచ్చునా అని. ఈసారి సరిహద్దుకు ఒడిశా వైపున ఉన్న మన ఊళ్ల నుంచి వచ్చిన వాటిలో ఆరింటిని తీసుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మాది బరంపురం పాత వీధిలో తాతల నాటి ఇల్లు. వెడల్పు 16 అడుగులు, లోతు 80 అడుగులు. రెండు పక్కల గోడలూ ఇరుగుపొరుగు వారితో ఉమ్మడివి. మా మామగారి కాలం వరకు ముందుగదిలో పట్టుమగ్గం ఆడేది. ఆ మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉంచాము. ఇంటి నడుమ ఉన్న చిన్న మండువాను ఇరవై ఏళ్ల క్రితం రేకులతో కప్పివేశారు. అప్పటి నుంచి పట్టపగలు కూడా లైటు వేయనిదే నడవాలో అడుగు పెట్టలేము. ఈ వేసవిలో కారైక్కుడి వెళ్లి చెట్టినాడు భవంతులు చూశాము. ఆ ఆత్తంగుడి పలకలు, ఆ రంగులు, ఆ పూలచట్రాలు, ఆ టేకు స్తంభాలు చూసినప్పటి నుంచి నా కంటికి మరొకటి ఆనడం లేదు. మావారు మాత్రం ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కడదామంటున్నారు. వచ్చే ఠాకురాణీ యాత్రకు, అంటే మా ఊరి అమ్మవారి జాతరకు, బంధువులందరూ వస్తారు. ఆలోగా ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, బరంపురం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో పలకల గురించి, స్తంభాల గురించి చాలా ఉంది, చీకటి గురించి ఒక్క వాక్యమే ఉంది; అసలు సంగతి ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నాకు అనిపించింది. చెట్టినాడు ఇంట్లో వీధి గడప దగ్గర నిలబడితే, ఒక ముంగిలి వెనుక మరొక ముంగిలిని దాటుకుంటూ చూపు పెరటి గుమ్మం దాకా వెళ్తుంది, నడుమ నడుమ పైనుంచి వెలుగు దిగుతూ ఉంటుంది. మిమ్మల్ని పట్టి నిలిపినది ఆ వెలుగే అయి ఉంటుంది. ఆ టేకు బర్మా వ్యాపారంలో గడించిన సొమ్ముతో బర్మా నుంచి వచ్చింది, పాలరాయి ఇటలీ నుంచి వచ్చింది. అంతటి స్తంభాలను మనం తెచ్చుకోలేము. తెచ్చుకున్నా 16 అడుగుల ఇంట్లో అవి పెళ్లిపందిరి రాటల్లా కాళ్లకు అడ్డం పడతాయి.

ఆత్తంగుడి పలక మాత్రం ఆ ఊరి సొంత పని. దానిని బట్టీలో కాల్చరు. గాజుపలక మీద లోహపు అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటు జావను గడులలో పోసి, అచ్చు పైకి తీసి, దాని మీద పొడి ఇసుక సిమెంటునూ ఆపైన తడి మిశ్రమాన్నీ వేసి చదును చేసి, గట్టిపడ్డాక నీళ్ల తొట్టిలో నానబెడతారు. గాజును విడదీసినప్పుడు కనిపించే నునుపు ఆ గాజు ఇచ్చినదే. తరువాత వచ్చే మెరుపు మాత్రం ఏళ్ల తరబడి తుడిచిన చేతులది, నడిచిన పాదాలది. పులుసు ఒలికినా నిమ్మరసం పడినా దానిపై మచ్చ పడుతుంది కనుక వంటింటికి అది పనికిరాదు. మీ మోజు కాదనను: మండువా చుట్టూ ఉన్న నడవాకు ఒక పట్టీగా వేయించుకోండి. మిగతా ఇంటికి మంచి పనివాడు రుద్దిన ఎర్ర గచ్చు చాలు, అదీ పాదాలకు చల్లగానే ఉంటుంది.

మీ ఇంటికి చుట్టాలు చెట్టినాడులో కంటె కొలంబోలోనూ లండన్‌లోనూ ఉన్నారని చెబితే ఆశ్చర్యపోవద్దు. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా కొలంబోలో ఒక సందులో వరుసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లను ఒక్కొక్కటిగా చేజిక్కించుకుని, వాటి మధ్య గోడలకు దారులు చేసి, అక్కడక్కడ పైకప్పు తీసివేసి, ఆకాశం కనిపించే చిన్న చిన్న ముంగిళ్లు చేసి ఒకే ఇల్లుగా మలచుకున్నారు. లండన్‌లో సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి ఇల్లు కూడా అటూ ఇటూ పొరుగిళ్లు ఆనుకున్న వరుస ఇల్లే. ఆయన పైకప్పులో గవాక్షాలు పెట్టి, గోడ మూలల్లో ఉబ్బెత్తు అద్దాలు బిగించి, పైనుంచి దిగిన వెలుగును గది గదికీ పంచారు. ఆ ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా నిలపాలని 1833 లో బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది. పక్క గోడలకు కిటికీలు పెట్టే వీలు లేనివారు పైకి చూశారన్నమాట. మీ ఇంటి పెద్దలు కూడా అదే చేశారు. రేకులు వచ్చి ఆ పని చెడగొట్టాయి.

కనుక ముందుగా ఆ రేకులు తీయించండి. తీసేముందు పొరుగువారి దూలం ఏదైనా ఆ ఉమ్మడి గోడ మీద ఆని ఉన్నదేమో వారినే పిలిచి చూపించండి, తరువాత మాట పడనక్కరలేదు. కోతుల కోసం పైన ఇనుప జాలీ కావాలి. వాన నీరు మండువాలో పడుతుంది, పడనివ్వండి. నేల వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం తగ్గకుండా, తూము చేయి పట్టేంత వెడల్పుగా, మూత తీసి శుభ్రం చేసుకునేలా ఉంటే చాలు. పాత తూము పూడిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ల క్రితం రేకులు వేయడానికి అసలు కారణం అదే అయినా ఆశ్చర్యం లేదు. మండువా వైపు గోడలకు తెల్ల సున్నం వేయించండి, ఏ దీపమూ ఇవ్వలేని వెలుగు నడవాలోకి వస్తుంది.

మగ్గం గుంటను పూడ్చవద్దు. కాళ్లు దించుకుని కూర్చునే చోటుగా మలిస్తే యాత్రకు వచ్చిన పిల్లలు అక్కడి నుంచి లేవరు. ఇక మీవారికి నా మాటగా చెప్పండి: కొత్త కట్టడానికి అనుమతి కోరినప్పుడు చుట్టూ ఎంత ఖాళీ వదలాలో మున్సిపల్ కార్యాలయంలో ముందుగా అడిగి రమ్మనండి. 16 అడుగుల్లో ఆ ఖాళీ పోగా, మెట్లకు మూడడుగులు పోగా, గోడల మందం పోగా మిగిలినది కాగితం మీద గీసి చూస్తే ఆయనే మండువా వైపు వస్తారు.

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగ విరమణ చేసి జయపురంలో స్థిరపడ్డాము. గుళ్లూ గోపురాలూ చూసినట్టే మంచి ఇళ్లు చూడాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి, వెళ్లినచోట ఏమి చూడాలి?
— దంపతులు, జయపురం

సమాధానం: మొదట చెన్నై వెళ్లండి. ఊరి దక్షిణాన ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే చోట దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను, కొన్నింటిని మూలచోటు నుంచి విప్పి తెచ్చి, మళ్లీ నిలబెట్టారు. 1996 లో ప్రారంభమైన ఆ ఆవరణలో చెట్టినాడు ఇల్లు ఉంది, కేరళ ఇళ్లు ఉన్నాయి, మన విశాఖపట్నం వైపు చుట్టిల్లు కూడా ఉంది. అంత దూరం వెళ్లి చుట్టిల్లు చూడడమేమిటని మీలో ఒకరు అనవచ్చు. తుపాను గాలికి మూలలే చూపించని ఆ మట్టిగోడ ఎందుకు గుండ్రంగా ఉన్నదో అక్కడ నిలబడి ఆలోచిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. మంగళవారం సెలవు, గుర్తుంచుకోండి. ఉత్తరాన బారిపదలో మయూర్‌భంజ్ రాజవంశీయుల బెల్గడియా ప్యాలెస్‌ను మరమ్మతు చేసి 2019 నుంచి అతిథులకు ఇస్తున్నారు. వంశస్థులు ఇంకా నివసిస్తున్న ఇల్లు కనుక అది మ్యూజియం వాసన వేయదు. పిల్లలు విదేశాల్లో ఉంటే, లండన్‌లో 1992 నుంచి ప్రతి సంవత్సరం కొన్ని రోజులపాటు సొంత ఇళ్లవారు కూడా ఉచితంగా తలుపులు తెరిచి చూపించే ఓపెన్ హౌస్ పండుగ ఉంది. సెప్టెంబరులో జరుగుతుంది.

చూడవలసినది ఏమిటంటారా? గది మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూడడం అందరూ చేస్తారు. మీరు పైకి చూడండి, ఆపైన గోడ మొదలుకు చూడండి. కప్పు గోడను కలిసేచోట, గోడ నేలను కలిసేచోట పని ఎలా ఉందో చూస్తే ఆ ఇంటి మేస్త్రీ మీతో మాట్లాడినట్టే. వీలైతే డిసెంబరులో కాక, వానల్లోనో వైశాఖపు మధ్యాహ్నమో వెళ్లండి. చిన్న కొలత టేపు జేబులో పెట్టుకోండి. కూర్చున్న అరుగు సుఖంగా అనిపిస్తే ఎత్తు ఎంతో, మెట్టు శ్రమ అనిపించకపోతే ఎన్ని అంగుళాలో రాసుకోండి. ఫొటో ఆ సంగతి చెప్పదు.

మరొక ప్రశ్న తప్పక అడగండి, అయితే యజమానిని కాదు, ఇల్లు తుడిచే మనిషిని: రోజుకు ఎన్నిసార్లు తుడవాలి? కొన్నేళ్ల క్రితం నేను ఎంతో మెచ్చుకున్న ఒక తెల్ల పాలరాతి ఇంట్లో ఆ ప్రశ్న అడిగితే, ఆ ఇల్లాలే నవ్వి, మూడుసార్లండీ, నాలుగోసారి మీరు వెళ్లాక అన్నారు. ఇతరుల ఇళ్లకు వెళ్లినప్పుడు దేవుడి గది, పడకగది ఫొటో తీయకపోవడం, గుమ్మంలో చెప్పులు విడవడం చెప్పనక్కరలేదనుకుంటాను. కానీ ఈ మధ్య చెప్పవలసి వస్తోంది.

ప్రశ్న: గోపాలపురంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు బాగుచేస్తున్నాను. వీడియోల్లో చూసినట్టు హాలు ముందు గోడ మొత్తం తీసివేసి, నేల నుంచి కప్పు వరకు గాజు పెట్టాలని ఉంది.
— ఒక యువకుడు, గోపాలపురం

సమాధానం: 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మీ ఊరి దగ్గరే తీరం దాటింది, గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటి వీచింది. ఆ రాత్రి మీరు ఏ గదిలో కూర్చున్నారో గుర్తు తెచ్చుకుని, ఆ గదికి ఎదురుగా గాజు గోడ ఉన్నదనుకోండి. సముద్రం కనిపించాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఒకటికి మూడు కిటికీలు పెట్టండి, మధ్యలో గోడ పట్టు వదలకండి, రెండు గాజుల నడుమ పొర పెట్టి అతికిన లామినేటెడ్ గాజు వాడండి. పగిలినా అది చట్రాన్ని అంటుకునే ఉంటుంది. బయటి వైపు గట్టి చెక్క తలుపులు తప్పనిసరి. మరలు, కీళ్లు, గొళ్లేలు కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు అంటే సరిపోదు, 316 రకం అని అడగండి. మామూలుగా అమ్మే 304 రకానికి ఉప్పుగాలిలో మచ్చలు లేస్తాయి.

ఆ గోడ బరువు మోస్తున్నదో లేదో ఇంజినీరు చూడకుండా ఒక్క ఇటుక కూడా తీయవద్దు. అమెరికాలో జలపాతం మీద వేలాడుతున్నట్టుండే ఫాలింగ్‌వాటర్ ఇంటిని ఫ్రాంక్ లాయిడ్ రైట్ వంటి మహామహుడు రూపొందించారు; 1964 నుంచి లక్షల మంది చూసివచ్చిన ఆ ఇంటి వసారాలే ముందుకు వంగిపోగా, 2002 లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టవలసి వచ్చింది.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది సుమారు నూరేళ్ల నాటి మిద్దె, డంగు సున్నంతో కట్టినది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గోడలు నానిపోగా, మా మేనల్లుడి సలహాపై లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు చేయించి ప్లాస్టిక్ రంగు వేయించాను. ఇప్పుడు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు రంగు పొక్కి రాలుతోంది, తెల్లటి ఉప్పు పూస్తోంది. ఈమధ్య ఒక హోటల్లో గోడలకు నడుమెత్తు రాతి పలకలు చూసివచ్చి, అలాగే టైల్స్ వేసి కప్పేద్దామని వాడు అంటున్నాడు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

సమాధానం: మాస్టారూ, టైల్స్ మాత్రం వేయించకండి. ఇప్పుడు మూడడుగుల దగ్గర ఉన్న చెమ్మ టైల్స్ వేశాక అయిదడుగుల దగ్గర కనిపిస్తుంది. మీ గోడ పునాదిలో తడిని ఆపే పొర లేదు. ఆ రోజుల్లో వేసేవారు కారు. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పీలుస్తుంది, సున్నపు పూత ఆ నీటిని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది, గోడ ఏ యేడుకాయేడు ఆరిపోతూ నిలుస్తుంది. సిమెంటు ఆ దారి మూసింది, ప్లాస్టిక్ రంగు దానికి తాళం వేసింది. దారి దొరకని నీరు పైకి పాకింది, తనతో తెచ్చిన ఉప్పును రంగు వెనుక వదిలింది, ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బి రంగును తోసివేస్తున్నది.

మరమ్మతు గోడ దగ్గర మొదలుపెట్టవద్దు, వీధిలో మొదలుపెట్టండి. మీ చిన్నతనంలో వీధి నుంచి అరుగు ఎక్కడానికి ఎన్ని మెట్లు ఉండేవో, ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదనే మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తూ పోతుంటే మన పాత ఇళ్లన్నీ కదలకుండానే కుంగిపోతున్నాయి. వాన నీరు గోడ మొదట్లో నిలుస్తున్నది. మూడు మెట్లలో ఒకటే మిగిలితే మీ చెమ్మకు సగం కారణం అక్కడే ఉన్నట్టు. గోడ వెంబడి అడుగు వెడల్పున కాలువ తవ్వించి, కంకర నింపి, నీరు పల్లానికి పోయే ఏర్పాటు చేయండి. పెరటి వైపు కుళాయి, స్నానాల గది నీరు ఎటు పోతున్నదో కూడా చూడండి.

ఆ తరువాత సంక్రాంతి వెళ్లాక, పొడి కాలంలో, చెమ్మ గీతకు రెండడుగుల పై వరకు సిమెంటును ఉలితో మెల్లగా ఊడదీయించండి. సుత్తి దెబ్బలు వద్దు, పాత ఇటుక పగులుతుంది. సందులలోని వదులు సున్నం గీకి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే అది కరిగి తిరిగి గోడలోకే పోతుంది. ఉగాది దాకా గోడను అలా వదిలేయండి. ఇల్లు చూడడానికి బాగుండదు, ఇరుగుపొరుగు అడుగుతారు, ఓర్చుకోండి. ఆపైన బాగా నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు. ఇసుకలో కొంత తగ్గించి ఇటుకపొడి, అంటే సుర్కీ, కలిపితే చెమ్మలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు మన పాత మేస్త్రీలు కలిపేవారు. పలుచటి పూతలుగా వేసి, ఒకటి బిగిశాకే రెండవది వేసి, తడి గోనెలు కప్పి వారం పదిరోజులు మెల్లగా ఆరనివ్వాలి. నేనొకసారి యజమాని తొందరకు తలవంచి ఆషాఢపు వానల్లో సున్నపు పూత వేయించాను. నెల తిరక్కుండానే అది అప్పడంలా లేచి వచ్చింది. తప్పు సున్నానిది కాదు, నాది. పైన రంగు కావాలంటే సున్నంలోనే ఖనిజపు రంగు కలిపి వేయించండి, ప్లాస్టిక్ రంగు జోలికి పోవద్దు.

మిద్దె గురించి ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా మన ఊళ్లు మద్రాసు రాజధానిలోవి కనుక, మీది చెక్క వాసాల మీద సన్నటి ఇటుకలను నిలబెట్టి ఏటవాలు వరుసల్లో పేర్చి సున్నపు కంకర పోసిన మద్రాసు మిద్దె కావచ్చు. అలా అయితే కారుతున్నదని దాని మీద సిమెంటు కాంక్రీటు పోయించవద్దు, వాసాలు ఆ బరువు మోయవు. వాసాల కొనలు గోడలో దిగినచోట చాకు మొనతో గుచ్చి చూడండి. చెదైనా కుళ్లైనా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: గుణుపురంలో కొత్త ఇల్లు కట్టుకున్నాము. ఒక అతిథిగృహంలో హాలు గోడ నిండా సవర బొమ్మలు చూసి ముచ్చటపడ్డాను. మా హాల్లో కూడా స్టెన్సిల్‌తో వేయించాలనుకుంటున్నాను. మా అత్తగారు వద్దంటున్నారు.
— ఒక ఉద్యోగిని, గుణుపురం

సమాధానం: మీ అత్తగారు ఏ కారణంతో వద్దన్నారో రాయలేదు గానీ, నా ఓటు ఆమెకే. మీ ఊరి చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో వేసే ఇడితాల్ అనే బొమ్మ అలంకరణ కోసం పుట్టినది కాదు. దేవతలకూ చనిపోయిన పెద్దలకూ ఒక ఇల్లు గీసి ఇవ్వడం అది. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పెద్దలకు మొక్కు తీర్చవలసినప్పుడు పూజారి చెప్పిన తీరున వేస్తారు. దానిని సోఫా వెనుక అచ్చు గుద్దడం, మన దేవుడి పటం ముందు వేసే పద్మం ముగ్గును కాళ్లు తుడుచుకునే పట్టా మీద వేసినట్టు ఉంటుంది. అయితే సవర చిత్రకారులు గుడ్డ మీద, కాగితం మీద అమ్మకానికి వేస్తున్న బొమ్మలు ఉన్నాయి. వేసిన మనిషి దగ్గరే కొని, అందులో ఏమున్నదో అడిగి తెలుసుకుని, చట్రం కట్టించి ఒక్కటి పెట్టండి. దాని చుట్టూ గోడను ఖాళీగా వదలండి.

గోడ మీద చేతిపని కావాలన్న మీ కోరిక తీరడానికి దూరం పోనక్కరలేదు. మార్గశిర గురువారాల్లో మీ వీధిలో ఒడియా వారు గడపల మీద వేసే జోటి, మన పిండిముగ్గు రెండూ వచ్చిన చేతులు మీ ఇంట్లోనే ఉండవచ్చు. అత్తగారిని అడగండి.

ప్రశ్న: మా ఇంటి పాత చెక్కడపు వీధి తలుపుకు నగరం నుంచి వచ్చిన ఒక వ్యాపారి మంచి ధర ఇస్తానంటున్నాడు. పెద్ద బంగ్లాల వాళ్లు వాటిని గోడలకు తగిలించుకుంటున్నారట. బదులుగా కొత్త టేకు తలుపు పెట్టిస్తానని కూడా అంటున్నాడు.
— ఒక రైతు, రాయగడ

సమాధానం: ఆయన ఇచ్చే టేకు తలుపు మందం ఎంతో అడగండి, మీ తలుపు మందం కొలిచి పక్కన పెట్టి చూడండి. పాత తలుపు చేవ కలపది. కొత్తవాటిలో చాలావరకు పైపూతే టేకు. తలుపుతో పాటు ద్వారబంధం కూడా అడుగుతాడు, అది తీస్తే పై గోడ బీటలిస్తుంది. చెక్కడం నూరేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు; అటువంటివాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నిషేధం. లైసెన్సు చూపించమనండి, సగం మంది అక్కడే ఆగిపోతారు.

అమ్మడం మానుకుంటే ఖర్చు కూడా పెద్దగా లేదు. రంగు పొరలను గీకించి, అవిసెనూనె పలుచగా రెండుసార్లు పట్టించి, ఆరనిచ్చి, కింద చెద తిన్న అంగుళం మేర కోయించి కొత్త చెక్క అతికించమనండి. తిరుగుడు బొడిమె అరిగి ఉంటే తలుపు నేలను రాస్తుంది, దాని కింద ఇత్తడి బిళ్ల ఒకటి వేయించండి.